ఒకే మీట, ఒకే అక్షరము

హార్మోనియము మెట్ల వరుస ఏ పెట్టెలోనైనను ఒక్కటే. భీమవరమున సాధన చేసినవాడు రాజమహేంద్రవరపు నాటకసమాజమున కూర్చుండి వాయింపవలసివచ్చినప్పుడు, ఆ పెట్టె తనది కాకున్నను, వ్రేళ్లు తమంతట తామే తమ చోట్లకు పోవును. కుంచము సంగతి అట్లు కాదు. మన పెద్దల కాలమున ధాన్యము కొలుచు కుంచము పేరునకు ఒక్కటియే యైనను పరిమాణమున ఊరూరికి భేదించుచుండెడిది. ఒక గ్రామపు కుంచముతో కొలిచి యిచ్చి, మరియొక గ్రామపు కుంచముతో కొలిచి పుచ్చుకొనుటలో ఎన్ని తగవులు పుట్టెడివో మీకు నేను చెప్పనక్కరలేదు. 1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చి, 1958 నుండి కిలోగ్రాములు, లీటర్లు క్రమముగా అమలునకు వచ్చిన పిమ్మటగాని ఆ తగవులు సద్దుమణగలేదు.

నేడు నేను మీతో ముచ్చటింపదలచినది కంప్యూటరు మీటల పలకను గూర్చి. దానిని లోకమంతయు కీబోర్డు అనుచున్నది. నేనును అట్లే యందును. చూచుటకది హార్మోనియమును బోలియుండును. ఏ దుకాణమున చూచినను అవే వరుసలు, అవే ఆంగ్లాక్షరములు. కాని దాని నడవడి చిరకాలము కుంచమువలెనే యుండినది. కొంతవరకు నేటికిని అట్లే యున్నది. ఒక యంత్రమున నకలు తీయు మీటలు మరియొక యంత్రమున నడుచుచున్న పనిని నిలిపివేయును. ఒక అచ్చుదుకాణమున కకారము నిచ్చు మీట ప్రక్క దుకాణమున వేరొక అక్షరము నిచ్చును. ఇది యెట్లు కలిగినది, ఎంతవరకు కుదిరినది, కుదరనిచోట నష్టమెవరికి వచ్చినది అనునదియే నా ప్రసంగవిషయము.

ఇది పడుచువాండ్ర సంగతి, మనకేల అని కొందరు తలపవచ్చును. తహశీలుదారు కార్యాలయమున మీకిచ్చు ధ్రువపత్రము, మనుమరాలి పెండ్లి శుభలేఖ, గునుపూడి సోమేశ్వరస్వామివారి ఉత్సవపు కరపత్రము, ఇవన్నియు నేడీ మీటలనుండియే పుట్టుచున్నవి. వ్రాతగాండ్ర కలము ఎట్టిదో తెలిసికొన్నట్లే వీని సంగతియు తెలిసికొనుట మేలు.

మొదట టైపు మిషను. అమెరికా దేశమున క్రిస్టఫర్ షోల్సు అనునాతడును అతని సహచరులును కల్పించిన యంత్రమును రెమింగ్టన్ సంస్థ 1874లో విక్రయమునకు పెట్టినది. పైవరుసలో క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అను క్రమము ఆ యంత్రముతోడనే వ్యాప్తికి వచ్చినది. ఆ క్రమమునే ఏల యెన్నుకొనిరో పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. కారణమేదైనను, తరువాతి యంత్రకారులు దానినే అనుసరించిరి. మన దేశమున 1955లో గోద్రెజ్ సంస్థ టైపు మిషను చేసినప్పుడును ఆంగ్లాక్షరముల వరుస అదియే. నేను భీమవరమున టైపు నేర్చుకొన్న దినములలో ఒక గదిలో నాలుగైదు కంపెనీల యంత్రములు వరుసగా నుండెడివి. కొన్ని బరువు, కొన్ని తేలిక. ఒకదాని బండి గంట కొట్టును, మరియొకదాని గంట మూగ. ఐనను ‘ఏ, ఎస్, డి, ఎఫ్’ అని వల్లించిన వ్రేళ్లకు అన్నియు ఒక్కటియే. గురువుగారు మా మీటలమీద కాగితము కప్పి, చూడక కొట్టుడనెడివారు. చూడక కొట్టుట సాధ్యమగుటకు మూలమేమనగా, ఏ కంపెనీవారును మీటల చోటు మార్చకుండుటయే.

తెలుగు యంత్రములకు ఈ భాగ్యము సులభముగా పట్టలేదు. ఇంగ్లీషునకు ఇరువదియారు అక్షరములు. మనకు అచ్చులు, హల్లులు, వానిపై గుణింతములు, వాని క్రింద ఒత్తులు. ఉన్న నలుబదికి పైబడిన మీటలలో ఇన్నింటిని ఇముడ్చుటకై అక్షరములను ముక్కలుగా విడదీసిరి. కొన్ని గుర్తులకు బండి కదలక నిలిచియుండును. దానిమీద మరియొక ముక్క పడి అక్షరము పూర్తియగును. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చి, 1974లో అధికారభాషా సంఘమేర్పడిన పిమ్మట కచేరీలలో తెలుగు యంత్రములకు గిరాకి కలిగినది. వానిపై పనిచేసినవారు మన వర్ణమాలను చదివిన క్రమమున గాక, ముక్కలు అమరిన క్రమమున నేర్చుకొనవలసివచ్చినది. ఈ ముక్కల పద్ధతియే తరువాత కంప్యూటరు లోనికిని జొరబడి పెద్ద చిక్కు తెచ్చినది; ఆ కథ ముందు చెప్పెదను.

టైపు మిషనులో మీటకును అచ్చునకును నడుమ ఇనుపకడ్డీ యుండును. మీట నొక్కిన కడ్డీ లేచి కాగితమును తాకవలసినదే. కంప్యూటరులో ఆ కడ్డీ లేదు. మీట నొక్కినప్పుడు ఒక సంకేతము మాత్రము లోనికి పోవును. ఆ సంకేతమునకు అర్థమేమో నిర్ణయించునది లోపలి ఏర్పాటు. ఆ యేర్పాటులో అన్నిటికంటె పైనుండి యంత్రమంతటిని నడపుదానిని ఆపరేటింగు సిస్టము అందురు. కచేరీలో శిరస్తాదారు వంటిదని యనుకొనుడు. నేడు బల్లమీది యంత్రములలో ముఖ్యముగా మూడు శిరస్తాదారులు కలరు: మైక్రోసాఫ్టువారి విండోసు, ఆపిల్‌వారి మెకింటోషు వ్యవస్థ, ఎవరైనను ఉచితముగా తీసికొని వాడుకొనదగిన లినక్సు. కడ్డీ లేకపోవుటచేత ఒకే మీటకు ముగ్గురు మూడర్థములు చెప్పుటకు వీలు కలిగినది. స్వేచ్ఛ వచ్చినది, దానితో కుంచపు తగవును వచ్చినది.

ఆ తగవును తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. వ్రాసినదానిలో ఒక భాగమును కత్తిరించుట, నకలు తీయుట, వేరొకచోట అతికించుట, ఈ మూడును ప్రతి వ్రాతగానికిని క్షణక్షణము కావలసిన పనులు. వీనికి రెండు మీటలను జంటగా నొక్కు పద్ధతి యేర్పడినది. 1970ల నడుమ అమెరికాలో జిరాక్సువారి పరిశోధనాలయమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అను ఇద్దరు జిప్సీ అను వ్రాతపరికరమును సిద్ధము చేసి, ఈ కత్తిరించుట అతికించుట అను భావమునకు రూపమిచ్చిరి. టెస్లర్ 1980లో ఆపిల్ సంస్థకు పోయెను. 1983లో ఆ సంస్థవారి లీసా, 1984లో మెకింటోషు వచ్చినవి. వానిలో కత్తిరించుటకు ఎక్స్, నకలునకు సి, అతికించుటకు వి అను అక్షరములను ఎన్నుకొనిరి. ఎక్స్ అనునది కొట్టివేత గుర్తు. సి యనునది నకలు అను ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరము. వి యనునది ఇచ్చట చొప్పింపుము అని దిద్దువారు పెట్టు గుర్తును తలక్రిందులు చేసినట్లున్నది. అంతకంటె ముఖ్యమేమనగా, ఆ మూడును క్రిందివరుసలో ఎడమవైపున ప్రక్కప్రక్కన నున్నవి. కుడిచేయి వేరొక పనిలో నున్నను ఎడమచేయి వీనిని నడపగలదు.

ఈ అక్షరములతో జంటగా నొక్కుటకు ఆపిల్‌వారు కమాండు అను వేరొక మీటను పెట్టిరి. దానిపై నాలుగు మూలల మెలికలు తిరిగిన ముగ్గు వంటి గుర్తు కలదు. మొదట అచ్చట తమ ఆపిల్ పండు గుర్తునే వాడదలచిరట. తెరనిండ పండ్లే కనబడుచున్నవని యజమాని స్టీవ్ జాబ్స్ విసుగుకొనగా, సూసన్ కేర్ అను చిత్రకారిణి గుర్తుల నిఘంటువును వెదకి, ఉత్తర ఐరోపా దేశములలో చూడదగిన స్థలములకు పెట్టు ఈ గుర్తును తెచ్చినది. మన వాకిళ్లలో చుక్కల ముగ్గు వేయు ఆడువారికి దీనిని చూపిన, ఇది మాదే యందురు.

ఐబీఎం వారి దారి వేరు. 1981లో వెలువడిన వారి సొంత కంప్యూటరులో కమాండు మీట లేదు. కంట్రోలు మీట కలదు. 1987లో వారు మీటల వాడుకకు ఒక ఉమ్మడి కట్టుబాటు ప్రకటించిరి. అందులో నకలునకు కంట్రోలుతో ఇన్సర్టు మీట, అతికింపునకు షిఫ్టుతో ఇన్సర్టు మీట, కత్తిరింపునకు షిఫ్టుతో డిలీటు మీట. విండోసు తొలుత దీనినే పాటించెను. ఇక మన దేశమున నాడు విరివిగా వాడిన వర్డ్‌స్టార్ అను వ్రాతపరికరమున కంట్రోలుతో సి నొక్కిన నకలు కాదు, తరువాతి పుట వచ్చెడిది. 1990ల తొలినాళ్లలో విండోసువారు ఆపిల్‌వారి మూడక్షరములను స్వీకరించి, కమాండు స్థానమున కంట్రోలును నిలిపిరి. పాత జంటలనును తీసివేయలేదు, నేటికిని పనిచేయుచున్నవి. పోటీ కంపెనీలు ఒకరి మంచిని ఒకరు తీసికొనుట అవమానమని తలపక చేసిన ఈ పని నాకు మెచ్చదగినదిగా తోచును.

కాని పొత్తు పూర్తిగా కుదరలేదు. లినక్సు 1991లో పుట్టినను, అది అనుసరించిన యూనిక్సు పరంపర పాతది. ఆ పరంపరలో నల్లని తెరపై ఆజ్ఞలు వ్రాయునప్పుడు కంట్రోలుతో సి యనగా నడుచుచున్న పని నాపుమని అర్థము. కావున అచ్చట నకలునకు షిఫ్టునుగూడ చేర్చి మూడు మీటలు నొక్కవలెను. ఆపిల్‌వారికి కమాండు వేరుగా నుండుటచేత ఈ సంకటము లేదు. అచ్చట కంట్రోలు జంట ఆపుటకు, కమాండు జంట నకలునకు. అయితే కమాండు మీట పొడుగు మీట ప్రక్కన బొటనవ్రేలికి అందును. కంట్రోలు మీట మూలనుండి చిటికెనవ్రేలిని కోరును. అక్షరము ఒక్కటియైనను వ్రేలు వేరు. అమెరికానుండి వచ్చిన కుమారుని యంత్రము ముందు కూర్చున్న తండ్రి, బుద్ధికి తెలిసియు వ్రేలు వినక చికాకుపడుట మన భీమవరమున ఎన్ని యిండ్లలో జరుగుచున్నదో!

తెలుగు వ్రాయువారికి ఇంతకంటెను ముఖ్యమైన జంట మరియొకటి కలదు. ఇంగ్లీషునుండి తెలుగునకు, తెలుగునుండి ఇంగ్లీషునకు మారు జంట. ఇంగ్లీషువానికి దానితో పనిలేదు. మనకు వాక్యమునకొకసారి కావలెను. నేటి విండోసులో విండోసు మీటతో పొడుగు మీట. లినక్సు నందు విరివిగానున్న గ్నోము అను తెరయందును అదియే. మెకింటోషులో కంట్రోలుతో పొడుగు మీట. అచ్చట విండోసు అలవాటుతో కమాండును పొడుగు మీటను నొక్కిన, భాష మారదు. వెదకుడు పెట్టె తెరచుకొని, మనము వ్రాయబోయిన మాటను వెదకుటకు సిద్ధమగును. ప్రపంచమందలి వ్రాతగాండ్రలో ఒకే లిపితో జీవించువారు ఈ యేర్పాట్లు చేసినందున, రెండు లిపులతో జీవించువారి జంట చివరి పంక్తిలో కూర్చున్నది. నా అభిప్రాయమున సి, వి మీటల తగవుకంటె ఇదియే మనకు ఎక్కువ హాని.

ఇక తెలుగు అక్షరముల చోట్లు. ఇందు మనకు ఒక గొప్ప పని జరిగినది. జరిగినట్లు మనవారిలో చాలమందికి తెలియనేలేదు. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు 1986లో ఇన్‌స్క్రిప్టు అను మీటల క్రమమును నిర్ణయించిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, 1988లో ఏర్పడిన పూనా సీడాక్ సంస్థలో సాగిన కృషి దీనికి తోడైనది. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ 13194వ ప్రమాణముగా మన లిపులకు సంకేతముల పట్టికను వెలువరించినప్పుడు ఈ మీటల క్రమమును అందులో చేర్చిరి. దీని మూలసూత్రము మన వర్ణమాలయే. తెలుగు, కన్నడము, నాగరి, వంగము, ఇవన్నియు ఒక్క బ్రాహ్మీ తల్లి బిడ్డలు. క, ఖ, గ, ఘ అను వరుస అందరిదియు నొక్కటే. కాబట్టి కకారము తెలుగువానికెచ్చటనో హిందీవానికిని అచ్చటనే. హల్లులు కుడిచేతికి, గుణింతపు గుర్తులు ఎడమచేతికి. ఆంగ్లపు కె మీటపై క. దానినే షిఫ్టుతో నొక్కిన ఖ. ఐ మీటపై గ, షిఫ్టుతో ఘ. ఎడమవైపున గుడికి నెత్తిమీదనే గుడిదీర్ఘము. కొమ్మునకు నెత్తిమీదనే కొమ్ముదీర్ఘము. గుడి మీటను షిఫ్టుతో నొక్కిన ఇకారము వచ్చును. పలకమీద ఓనమాలు దిద్దిన ముసలివానికి ఇది ఒక గంటలో బోధపడును. వ్రేళ్లకు పట్టుటకు మాత్రము కొన్ని వారములు కావలెను.

ఇది మూడు శిరస్తాదారుల యొద్దను చెల్లును. విండోసున 2001లో వచ్చిన ఎక్స్‌పీ మొదలు తెలుగునకు చోటు కలిగినది. అందలి తెలుగు కీబోర్డు ఇదియే. లినక్సులోను, మెకింటోషులోను తెలుగను పేర నున్నది ఈ క్రమమే. వేరుగా ఉచ్చారణానుసారులైన ఇతర క్రమములునున్నవి గాని, మూలస్తంభమిది. తమిళులు 1999లో తమకై తమిళ్‌99 అను వేరొక క్రమమును రాజ్యప్రమాణముగా చేసికొనిరి. వారి లిపిలో వర్గమునకు మొదటి అక్షరము, అనునాసికము మాత్రమే యుండుటచేత వారికి వేరు దారి న్యాయమే.

ఇచ్చట ఒక వినోదము. తెలుగు క్రమములో ఎక్స్ మీటపై నున్నది సున్న. సి మీటపై మకారము. వి మీటపై నకారము. తెలుగు వ్రాయుచుండగా కంట్రోలు పట్టి సున్న నొక్కిన కత్తిరింపు, మకారము నొక్కిన నకలు, నకారము నొక్కిన అతికింపు. నకారమున నకలు కావలెను గదా యని మా మనుమడు వాదించెను. స్పెయినువారి కొరకు మైక్రోసాఫ్టువారు ఇట్టి వాదమునే మన్నించి, తమ వ్రాతపరికరమున అక్షరములు లావుచేయు జంటకు ఇంగ్లీషు బి మాని, నలుపు అను స్పానిషు మాటలోని ఎన్ పెట్టిరి. దాచుటకు ఎస్ మాని జి పెట్టిరి. అందుచేత స్పెయినువాడు ఇంగ్లీషు యంత్రముకడ లావు అక్షరము కోరి ఎన్ నొక్కిన, క్రొత్త కాగితము వచ్చి ఎదుట నిలుచును. మాట నిలుపుకొన్నారు, చోటు పోగొట్టుకొన్నారు. మనకు ఆ మార్పు జరుగకుండుటయే మేలని మనుమనితో చెప్పితిని, వాడు ఒప్పుకొనలేదు.

ఇంత చక్కని క్రమమున్నను మన పట్టణములలోని డీటీపీ దుకాణములు దానిని ఆదరింపలేదు. కారణము వినుడు. యంత్రములలో తెలుగునకు స్వంత స్థానము లేని దినములలోనే అచ్చుపని కంప్యూటరుకెక్కినది. నాడు ఒక ఫాంటునకు రెండువందల ఏబదియారు గూళ్లకు మించి లేవు. ఫాంటు చేయువారు టైపు మిషను దారినే పట్టి, తెలుగు అక్షరములను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరముల గూళ్లలో తమకు తోచిన చోట నుంచిరి. ఒక కంపెనీ కకారమునుంచిన గూటిలో మరియొకరు ఒత్తునుంచిరి. మీటల క్రమములును పలువిధములు: ఆపిల్ అని యొకటి, మాడ్యులర్ అని యొకటి, టైపు మిషను క్రమమని యొకటి. ‘నీకు ఆపిల్ వచ్చునా, మాడ్యులర్ వచ్చునా’ అని అడిగి పనిలో పెట్టుకొను ఆచారమేర్పడినది. పుటకింత అని కూలి పుచ్చుకొను పనివానికి వ్రేలి వేగమే భోజనము. పదియేండ్లు పట్టిన వేగమును వదలి క్రొత్త క్రమము నేర్చుకొమ్మనుట, పంట కోతకు వచ్చిన చేనిని దున్ని మరల నాటుమనుట వంటిది. వారిని నేను తప్పుపట్టజాలను.

కాని దీని ఫలము ఘోరము. మా మేనమామగారు తమ గ్రామచరిత్రను వ్రాసిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కాలువ తమ పొలములకు వచ్చిన వైనము, శిస్తుల లెక్కలు, వంశవృక్షములు, తుపానుల జ్ఞాపకములు, అన్నియు నందున్నవి. 1999లో ఒక పట్టణపు దుకాణమున దానిని టైపు చేయించి, కొన్ని ప్రతులు పంచి, కంప్యూటరు ప్రతిని ఒక పళ్లెములో, అనగా సీడీలో, భద్రపరచిరి. వారు గతించిన పిమ్మట రెండవ కూర్పు వేయదలచి నేను దానిని తెరపించితిని. తెలుగు ఒక్క అక్షరము లేదు. ఇంగ్లీషు ముక్కలు, ఆశ్చర్యార్థకములు, డాలరు గుర్తులు, తోకలు తగిలిన విచిత్రాక్షరములు, నూటయేబది పుటలు. ఆ దుకాణము ఏనాడో మూతపడినది. టైపు చేసినవాడు ఏ ఫాంటు వాడెనో చెప్పువారు లేరు. గ్రంథము పోలేదు, ఉన్నది; చదువ వీలు లేదు. నిధి కనబడును, తాళపుచెవి లేదు.

దీనికి కారణమిది. ఆ ప్రతిలో తెలుగు ఎన్నడును లేదు. ఉన్నది ఇంగ్లీషు గూళ్ల సంఖ్యలు. వానిపై తెలుగు ఫాంటు వేషము వేసినప్పుడు మాత్రము తెలుగువలె కనబడును. వేషము తీసివేసినచో అసలు రూపము. ఒకప్పుడు ఈనాడు, వార్త మొదలగు పత్రికలను అంతర్జాలమున చదువగోరినవారు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటును ముందుగా దించుకొనవలసివచ్చినది ఇందుచేతనే. చివరకు ఇట్టి ఫాంటులనెరిగిన యొక యువకుడు నాలుగైదు వేషములు వేసి చూచి, సరిపడినదానిని కనిపెట్టి, మార్పిడి పరికరముచేత దానిని యూనికోడునకు తెచ్చెను. ఒత్తులు కొన్ని ప్రక్క అక్షరమునకు తగులుకొన్నవి. సున్నలు కొన్ని ఎగిరిపోయినవి. పంచిన ప్రతి యొకటి దొరకుటచేత రెండు మాసములు ప్రక్కన పెట్టుకొని దిద్దితిని. శిస్తు లెక్కలలో అంకెలు మాత్రము చెడలేదు.

యూనికోడు అనునది లోకమందలి లిపులకన్నిటికిని ఒక్కొక్క అక్షరమునకు మారని సంఖ్యనిచ్చు పట్టిక. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగున్నది. మన భారతీయ పట్టికయొక్క 1988 నాటి రూపమును అది అనుసరించినది. అందు కకారమునకు ఎప్పటికిని ఒకటే సంఖ్య, ఏ ఫాంటు వేసినను, ఏ శిరస్తాదారు యేలినను. 2012 డిసెంబరులో తిరుపతిలో నాల్గవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన నాటికి యూనికోడు ఫాంటులు ఉచితముగా అందుబాటులోనికి వచ్చినవి. వానిలో ఒకదానికి గిడుగువారి పేరు పెట్టిరి. నా ఈ గ్రాంథికమును వ్యావహారికవాద పితామహుని పేరిటి ఫాంటులో అచ్చువేసిన ఆయన ఏమనెడివారో యని అప్పుడప్పుడు నవ్వుకొందును.

మీరు ఎచ్చటనైనను తెలుగు టైపు చేయించినప్పుడు, కాగితపు ప్రతితోపాటు యూనికోడు ప్రతిని అడిగి పుచ్చుకొనుడు. ఆ మాట చెప్పిన చాలును; దుకాణమువారికి తెలియును.

దేశాంతరమున నున్న తెలుగువారి కథ వేరు. వారి యంత్రములపై తెలుగు గుర్తులు లేవు, నేర్పువారు లేరు. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్ నగరపు రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న మనవారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు ఒక కట్టుబాటును ఏర్పరచిరి. అది ఆర్టీఎస్ అను పేర ప్రసిద్ధి చెందినది. చిన్న టి యనిన త, పెద్ద టి యనిన ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. 2006లో వచ్చిన లేఖిని అను సాధనము ఈ మార్గముననే వేలకొలది మందిచేత తెలుగు వ్రాయించినది. కట్టుబాటున్నంతకాలము ఇందు దోషము లేదు. నేటి చరవాణులలో ఆ కట్టుబాటును సడలి, తోచినట్లు ఇంగ్లీషులో కొట్టిన యంత్రమే ఊహించి తెలుగు చూపుచున్నది. 2017 నుండి గూగుల్‌వారి సాధనమున నోట పలికినను తెలుగు వచ్చుచున్నది. సౌకర్యమే. అయితే ఊహించు యంత్రము మహాప్రాణములను లెక్కచేయదు; భీముడు బీముడగుట నేను తరచుగా చూచుచున్నాను.

అక్షరము ఒక్కటియైనను యంత్రముల నడవడి ఒక్కటి కాదనుటకు 2018 ఫిబ్రవరిలో జరిగిన విడ్డూరము సాక్షి. జ్ఞానమను మాటలోని జ్ఞా అను అక్షరము, ఒక కనబడని సంధిగుర్తుతో కలిసి వచ్చినప్పుడు, ఆపిల్ ఫోనులలో సందేశములు చూపు కార్యక్రమములు కుప్పకూలినవి. ఇతర కంపెనీల ఫోనులలో అదే అక్షరము నిశ్చింతగా కనబడినది. లోకమంతట పత్రికలు ఆ తెలుగక్షరమును అచ్చువేసినవి. ఆ నెల 19వ తేదీన ఆపిల్‌వారు సవరణ పంపిరి. మన జకార ఞకారముల పొత్తు కాలిఫోర్నియా పండితులకు నిద్ర లేకుండ చేసిన దినములవి.

ఇన్‌స్క్రిప్టునకు తరువాతి కాలమున విస్తరించిన రూపమును నిర్ణయించి, 2016లో 16350వ భారతీయ ప్రమాణముగా ప్రకటించిరి. పాత చోట్లు చెడకుండ, క్రొత్త గుర్తులను చేర్చిరి. 2010లో వచ్చిన మన రూపాయి గుర్తు విండోసు భారతీయ కీబోర్డున కుడి ఆల్టుతో నాలుగవ అంకె మీటపై నున్నది.

మీ యింట మనుమనికో మనుమరాలికో కంప్యూటరున్నచో, తెలుగు కీబోర్డు పెట్టించి ఈ మీటలను నొక్కి చూడుడు. షిఫ్టు పట్టి వై, విడిచి ఆర్, పిమ్మట సి, బి, జె, ఎక్స్. జె మీటపై చిన్న గీటు వ్రేలికి తగులును; ఎఫ్ మీటపైనను అట్టిదే కలదు. చూపు లేనివారును, చూడక కొట్టువారును చేతులకు చోటు తెలిసికొనుట వానివలననే. జె మీది గీటు రకారము, ఎఫ్ మీది గీటు గుడి. ఆ ఆరు మీటలు నొక్కిన తెరపై భీమవరం అని వచ్చును. విండోసైనను, మెకింటోషైనను, లినక్సైనను అవే ఆరు.